మీరు కొన్నది యూ మొక్క కాదు, అదే నయం

ప్రశ్న: మాది కర్నూలు. చాలా ఏళ్ళుగా బెంగళూరు జె.పి. నగర్‌లో ఉంటున్నాం, థర్టీ ఫార్టీ సైటులో సొంత ఇల్లు. పోయిన ఏడాది న్యూజెర్సీలో అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చాం. అక్కడ వీధంతా ఇళ్ళ ముందు ముదురాకుపచ్చ కంచెలు, వాటిలో ఎర్రటి చిట్టి పళ్ళు. ‘యూ’ అంటారని అమ్మాయి చెప్పింది. అలాంటిదే మా ఇంటి ముందూ పెంచాలని ముచ్చటపడ్డాను. ఇక్కడ ఒక నర్సరీలో ‘జపనీస్ యూ’ అని చెబితే పన్నెండు మొక్కలు కొన్నాను. తీరా ఇంటికి తెచ్చి చూస్తే ఆకు మరీ పొడుగ్గా ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే తొమ్మిది సెంటీమీటర్లు. మోసపోయానా? వచ్చేటప్పుడు అక్కడి పళ్ళ గింజలు కొన్ని పొట్లం కట్టి తెచ్చాను, అవి వేస్తే మొలుస్తాయా? ఈ చెట్టు నుంచే క్యాన్సర్ మందు తీస్తారట. మా అక్కయ్యకు కీమో అయింది, ఆకు కషాయం కాచి ఇవ్వొచ్చా? వేసవి సెలవులకు మనవలు వస్తారు. ఇది విషపు మొక్క అని మా ఆడపడుచు భయపెడుతోంది. అమ్మాయి వాళ్ళ కంచె కూడా ఒక మూల గోధుమరంగుకు తిరిగి ఎండిపోతోంది, ఎందుకంటారు?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వరసలో చెప్పను, ఏమీ అనుకోకండి. ముందు ఆ పొట్లం సంగతి, కషాయం సంగతి తేల్చేద్దాం. ఆకు పొడుగు ఎక్కడికీ పోదు.

ఆ గింజలు నాటకండి, ఇంట్లో ఉంచకండి. యూ మొక్కలో విషం లేనిది ఒక్క పండు మీది ఎర్రటి గుజ్జు మాత్రమే. ఆకు, కొమ్మ, బెరడు, గుజ్జు మధ్యలో కనబడే నల్లటి గింజ, అన్నీ విషమే. దానిలోని టాక్సీన్ అనే పదార్థాలు గుండె లయను తప్పిస్తాయి. పిట్టలు ఆ పండును మింగి గింజను నలక్కుండా విసర్జిస్తాయి కాబట్టి వాటికేమీ కాదు. పిల్లలు అలా కాదు, నోట్లో పడిందల్లా కొరికి చూస్తారు. నమిలిన గింజే ప్రమాదం. అందుకని మనవలు రాకముందే ఆ పొట్లాన్ని గట్టిగా చుట్టి, శానిటరీ చెత్తతో కలిపి చెత్తబండిలో వేయించండి. తడి చెత్తలో వద్దు, మన వీధుల్లో దాన్ని ముందు పలకరించేది ఆవులే. ఈ మొక్క పశువులకు, గుర్రాలకు మరీ చెడ్డది. ఇంకో మాట కూడా చెప్పాలి. పరదేశం నుంచి విత్తనమైనా, కొమ్మైనా తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందే దిగుమతి పర్మిట్, పురుగు, తెగులు లేవని అక్కడి అధికారులిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. ఒక్క గింజ వెంట ఏ పురుగు, ఏ తెగులు వస్తుందో మనకు తెలియదు. ఈసారి వెళ్ళినప్పుడు ఫొటోలు తెచ్చుకోండి, చాలు.

ఒకవేళ నాటినా మీకు ఒరిగేదేమీ లేదు. యూ గింజకు మొండి నిద్ర ఉంటుంది. కొన్నాళ్ళు వెచ్చదనం, ఆ తర్వాత నెలల తరబడి గట్టి చలి తగిలితే గానీ మేలుకోదు. దాని సొంత నేల మీదే మొలక రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. జె.పి. నగర్‌లో ఆ చలి మీ ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా దొరకదు.

ఇక కషాయం. వద్దు. సగం గ్లాసు కూడా వద్దు. మీరు విన్నది అబద్ధం కాదు గానీ సగమే విన్నారు. 1962లో అమెరికా వ్యవసాయశాఖ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ చెట్ల నుంచి నమూనాలు సేకరించాడు. ఆ బెరడులోంచి రసాయన శాస్త్రవేత్తలు మన్రో వాల్, మన్సుఖ్ వాణీ కలిసి ఒక పదార్థాన్ని వేరు చేసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. ఆ వాణీ గారు మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవారు. అదే టాక్సాల్, ఆసుపత్రి చీటీల మీద పాక్లిటాక్సెల్ అని కనబడుతుంది. 1992లో అండాశయ క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. బహుశా మీ అక్కయ్యకు ఎక్కించిన సీసాల్లో ఇదీ ఉండి ఉండొచ్చు. అయితే అది బెరడులో అతి కొద్దిగా ఉండే పదార్థం. దాన్ని శుద్ధి చేసి, మనిషి ఎత్తూ బరువూ లెక్కగట్టి, నాడి చూస్తూ నరంలోకి ఎక్కిస్తారు. యూ ఆకు కాచితే గ్లాసులోకి దిగేది ఆ మందు కాదు, ఇందాక చెప్పిన టాక్సీన్. కీమోతో నీరసించిన గుండెకు అది తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఎండిన ఆకులోనూ ఆ విషం పోదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆయుర్వేదంలో తాళీసపత్రం పేరుతో వాడే ఆకు మామూలుగా హిమాలయాల్లోని ఫర్ జాతి చెట్టుది. ఉత్తరాదిన కొన్నిచోట్ల హిమాలయన్ యూ ఆకును కూడా అదే పేరుతో అమ్మడం ఉంది. దగ్గుకు మంచిదని ఎవరైనా విడి ఆకు తెచ్చిస్తే ఇంట్లో కాచుకోకండి, వైద్యుణ్ణి అడగండి.

ఇప్పుడు మీ మొక్క సంగతి. నర్సరీ అతను మిమ్మల్ని మోసం చెయ్యలేదు. అతను అమ్మింది పోడోకార్పస్ మాక్రోఫిల్లస్. దక్షిణ జపాన్, చైనా ప్రాంతాల మొక్క ఇది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కూడా నర్సరీల వాళ్ళు దీన్ని జపనీస్ యూ అనే అమ్ముతారు, ఆ పేరే మన దాకా వచ్చింది. అసలైన జపనీస్ యూ వేరే ఉంది, టాక్సస్ కస్పిడేటా అని, చలిదేశపు మొక్క. రెండూ దూరపు చుట్టాలే గానీ కుటుంబాలు వేరు.

గుర్తుపట్టడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. మీరు స్కేలు తీసినప్పుడే సగం పని అయిపోయింది. యూ ఆకు రెండు, మహా అయితే మూడు సెంటీమీటర్లు. చదునుగా, కొసన మొనదేలి ఉంటుంది, కానీ గుచ్చుకోదు. పోడోకార్పస్ ఆకు ఆరు నుంచి పన్నెండు సెంటీమీటర్ల దాకా సాగుతుంది, నడుమ ఈనె ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది. తర్వాత ఆకును తిరగేసి చూడండి. యూ ఆకు అడుగున లేత పసుపుపచ్చగా రెండు చారలు ఉంటాయి, తెల్లగా ఉండవు. అడుగున తెల్లని చారలు కనబడ్డాయంటే అది హెమ్‌లాక్ చెట్టు గానీ ఫర్ గానీ అయ్యుండాలి. అమ్మాయి వాళ్ళ వీధిలో ఆ రెండూ ఉంటాయి, తికమకపడేది అక్కడే. ఇంకో గుర్తు కాడ దగ్గర ఉంది. యూ ఆకు తొడిమ కొమ్మను తాకి ఆగిపోదు, సన్నటి ఆకుపచ్చ గట్టులా కొమ్మ వెంట కిందికి జారుతుంది. అందుకే కొత్త రెమ్మ కూడా పచ్చగానే ఉంటుంది. ఆకు నలిపి వాసన చూస్తే జిగురు వాసన, కర్పూరపు వాసన ఏదీ రాదు. యూ మొక్క ఆకులో పైన్ చెట్టుకుండే బంక ఉండదు.

పండు చూస్తే ఇక అనుమానమే ఉండదు. యూ పండు ఎర్రటి చిన్న గిన్నెలా ఉంటుంది, నోరు తెరిచి ఉంటుంది, లోపల గింజ కనబడుతుంది. పోడోకార్పస్‌లో అంతా తలకిందులు. గింజ బయటే ఉంటుంది, ఆకుపచ్చగా, మీద బూడిద పూసినట్టు. దాని కింద ఎరుపు నుంచి ఊదా రంగుకు తిరిగే కండగల కాడ. మీ మొక్కలకు పండు వస్తుందన్న హామీ మాత్రం లేదు. రెండు జాతుల్లోనూ ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. కత్తిరించి పెంచే కంచెలో పూత నిలవడమూ తక్కువే. ఎర్రటి పళ్ళ కోసమే ఈ ముచ్చటంతా అయితే, ఆ ఆశ ఇప్పుడే కాస్త తగ్గించుకోండి.

మీ ఆడపడుచు భయంలో సగం న్యాయం ఉంది. పోడోకార్పస్ ఆకులు, గింజలు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి, కుక్కలకూ పడదు. యూ అంత ప్రాణాంతకం మాత్రం కాదు. మనం తరతరాలుగా గన్నేరును గుమ్మం ముందు పెంచుకుంటూ, పిల్లలకు ‘నోట్లో పెట్టకు’ అని చెబుతూ బతికినవాళ్ళమే. గన్నేరుతో నెగ్గుకొచ్చిన ఇంట్లో పోడోకార్పస్‌తో ఇబ్బంది ఉండదు. చిన్నవాడు ఇంకా పాకే వయసులో ఉంటే గింజలు కనబడగానే ఏరెయ్యండి. పొరపాటున ఎవరైనా నమిలితే ఉప్పునీళ్ళు తాగించి కక్కించే పని పెట్టుకోవద్దు. ఆ రెమ్మ ఒకటి చేత పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. ఏ మొక్కో చూస్తే డాక్టరుకు పని సులువవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, మన డాక్టర్లు కూడా అక్కడికి ఫోన్ చేసి అడుగుతుంటారు.

అసలు యూ మొక్కే కావాలని ఇంకా మనసులో ఉంటే, బెంగళూరులో అది అయ్యే పని కాదని చెప్పడమే మంచిది. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. జనవరి తెల్లవారుజామున కూడా పదిహేను డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మన దేశంలో పుట్టిన యూ, టాక్సస్ వాలిచియానా, హిమాలయాల్లో సుమారు 1800 మీటర్ల పైన, మంచు పడే అడవుల్లో, పెద్ద చెట్ల నీడన పెరుగుతుంది. టాక్సాల్ గిరాకీతో దాని ఆకూ బెరడూ విపరీతంగా దోచేశారు. ఇప్పుడది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ‘ఎండేంజర్డ్’, అంటే అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి వరసలో ఉంది, అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం కింద దాని అంతర్జాతీయ వ్యాపారం మీదా అదుపు ఉంది. ఎవరైనా ఆన్‌లైన్‌లో ‘హిమాలయన్ యూ, కుండీలో పెంచుకోవచ్చు’ అని అమ్మజూపితే డబ్బు దండగ, పాపం కూడా. న్యూజెర్సీలో మీరు చూసిన కంచె చాలావరకు టాక్సస్ మీడియా అయ్యుంటుంది. ఇంగ్లిష్ యూ, జపనీస్ యూ కలిసిన సంకరం అది. 1900 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని వెల్లెస్లీలో, హనీవెల్ కుటుంబపు తోటలో హాట్‌ఫీల్డ్ అనే తోటమాలి పెంచాడు. ఇంగ్లిష్ యూ అందం, జపాన్ యూ చలి ఓర్పు ఒక్కచోట చేరాయి కాబట్టే ఆ వీధులన్నీ అదే. చలికి పుట్టినదాన్ని మన ఏప్రిల్ ఎండలో, సెప్టెంబరు ముసుర్లో నిలబెడితే ముందు వేరు కుళ్ళుతుంది, ఆకు తర్వాత రాలుతుంది.

పోడోకార్పస్‌కు ఈ బాధలేవీ లేవు. పైగా మనకు పరాయి కుటుంబం కూడా కాదు. దక్షిణ భారతదేశపు అడవుల్లో సహజంగా పెరిగే శంఖాకార జాతి (పైన్, యూ లాంటి కోనిఫర్) చెట్టు ఒకే ఒక్కటి ఉంది, నాజియా వాలిచియానా. పడమటి కనుమల్లో ఉంటుంది, పోడోకార్పస్ కుటుంబానిదే. లాల్‌బాగ్‌లో ఆకాశానికి నిటారుగా నిలబడే అరకేరియాలు చూసి శంఖాకార జాతులన్నీ మనవే అనుకుంటాం గానీ, అవి ఓడలెక్కి వచ్చినవి.

నాటడంలో మీరు జాగ్రత్తపడాల్సింది ఒక్కచోటే, అది మట్టి. బెంగళూరు కొత్త ఇళ్ళ కాంపౌండు గోడ పక్క మట్టి ఎర్రగా కనబడుతుంది గానీ, ఒక అడుగు తవ్వితే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, గోడ పూత రాల్చిన సున్నం బయటపడతాయి. పోడోకార్పస్‌కు కాస్త పులుపు (ఆమ్ల గుణమున్న) నేల కావాలి. సిమెంటు తగిలితే ఆరు నెలలకే కొత్తాకు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. జనం దాన్ని నీళ్ళ లోటనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు, అదింకా పాడవుతుంది. అది నీళ్ళ లోటు కాదు, ఇనుము లోటు. నేలలో ఇనుము ఉన్నా సున్నం దాన్ని వేరుకు అందనివ్వదు. బోరు నీళ్ళు గట్టివైతే ఇదే రోగం నెమ్మదిగా వస్తుంది. కాబట్టి గోడకు కనీసం అడుగున్నర ఎడంగా, అడుగున్నర లోతు కాలువ తీయించి, ఆ శిథిలాలన్నీ ఏరించి, మంచి ఎర్రమట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువో వర్మికంపోస్టో కలిపి నింపండి. గోడకు దగ్గరగా పెడితే వెనక వైపు కత్తెర దూరదు, పెయింటరూ తిట్టుకుంటాడు. సంపు మూత, డ్రైనేజీ చాంబరు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి, మూడేళ్ళ తర్వాత మొక్క పీకించే పని పడకుండా.

పన్నెండు మొక్కలన్నారు. మీ ముందు వైపు ముప్పై అడుగుల్లో గేటుకు పది పోతే మిగిలేది ఇరవై. రెండున్నర అడుగులకొకటి చొప్పున ఎనిమిది చాలు. మిగతా నాలుగు పెద్ద కుండీల్లో పెట్టి మేడ మీద ఉంచండి, కంచెలో ఏదైనా చస్తే అదే వయసు మొక్క చేతిలో ఉంటుంది. నర్సరీ కవరు చింపగానే చాలాసార్లు వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిపడి ఉంటుంది. దాన్ని అలాగే పాతితే చుట్టూ మట్టి తడిసినా ముద్దలోపల పొడిగానే ఉంటుంది, మొక్క దాహంతో చస్తుంది. ముద్దను బకెట్ నీళ్ళలో కాసేపు నానబెట్టి, అంచుల్లో మట్టిని వేళ్ళతో మెల్లగా విదిల్చి, చుట్టలు చుట్టుకున్న వేళ్ళను విప్పి నాటండి. కవర్లో మట్టి ఎంత వరకు ఉందో నేలలోనూ అంతవరకే. కాండాన్ని లోతుగా పూడ్చొద్దు.

జూన్‌లో తొలకరి పడ్డాక నాటితే సగం పని వాన చేసిపెడుతుంది. మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు నిండుగా నీళ్ళు పొయ్యండి, రోజూ చిలకరించడం వద్దు. మొక్క మొదలు చుట్టూ రాలినాకులు పరవండి. ఎండా కొంచెం నీడా ఉన్నా పర్వాలేదు. ఏడాదికి అటూ ఇటుగా అడుగు పెరుగుతుంది. ఛాతీ ఎత్తు కంచెకు మూడు నాలుగేళ్ళు పడుతుందనుకోండి. అందాకా ఊరికే వదిలెయ్యకుండా మొదటి ఏడు నుంచే కొసలు తుంచుతుంటే అడుగు నుంచి గుబురుగా వస్తుంది. కత్తిరించేటప్పుడు అడుగు వెడల్పుగా, పైభాగం కాస్త ఇరుకుగా ఉండాలి. మన తోటమాలులు చాలామంది నిలువు గోడలా, ఇంకా పైకి వెడల్పుగా కొట్టేస్తారు. కింది కొమ్మలకు ఎండ తగలక నాలుగేళ్ళకు కాళ్ళు బయటపడతాయి. పక్కన నిలబడి చెప్పి కొట్టించండి. కత్తిరించిన రెమ్మలు వీధిలో పారేయించొద్దు.

చిగుళ్ళ మీద నీలిబూడిద రంగు పొడి చల్లినట్టు కనబడి, చీమలు పారాడుతుంటే అది పోడోకార్పస్ పేనుబంక. ముందు పైపుతో నీళ్ళు జోరుగా కొట్టండి, సగం రాలిపోతాయి. మిగిలితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెలు తోమే ద్రవం కలిపి సాయంత్రం పూట చల్లించండి. దీనికి ఘాటు మందులు కొనక్కర్లేదు.

ఇంటి ముందు ఇలాంటి చెట్టు మంచిదా కాదా అన్న మాట మీ ఆడపడుచు తప్పకుండా ఎత్తుతారు. అది నా శాఖ కాదమ్మా.

మీ అమ్మాయి కంచె విషయం. ఒక మూలే ఎండుతోందంటే ముందు ఆ మూల పైకి చూడమనండి. పైకప్పు వాననీళ్ళు దిగే గొట్టం అక్కడే తెరుచుకుని ఉంటుంది, చాలా ఇళ్ళలో కథ ఇదే. యూ మొక్క నీడను భరిస్తుంది, కత్తెరను భరిస్తుంది, వేరు దగ్గర నీరు నిలిస్తే మాత్రం ఒక్క వానాకాలం కూడా ఓర్చుకోదు. గొట్టాన్ని పొడిగించి నీళ్ళు దూరంగా వదిలిస్తే పక్క మొక్కలైనా దక్కుతాయి. అక్కడ గొట్టం లేకపోతే ఆకు అంచులు చూడమనండి. ఎవరో పంచ్ కొట్టినట్టు గండ్లు పడి ఉంటే బ్లాక్ వైన్ వీవిల్ అనే పెంకుపురుగు. అది రాత్రిళ్ళు ఆకు కొరుకుతుంది, దాని పిల్లపురుగులు మట్టిలో వేళ్ళు తింటాయి. అసలు నష్టం కిందే జరుగుతుంది. గాలి కొట్టే వైపు మాత్రమే గోధుమరంగు వచ్చి, అదీ ఫిబ్రవరి మార్చిలో మొదలైతే చలిగాలికి ఆకు ఎండడమే. దానికి తొందరపడి నరికించొద్దు. వసంతంలో కొమ్మను గోటితో కొంచెం గీకితే లోపల పచ్చగా ఉందా లేదా తెలుస్తుంది. పచ్చగా ఉంటే చిగురు వస్తుంది. మోడు దాకా కొట్టినా పాత కొమ్మ నుంచి మళ్ళీ చిగురించగల శంఖాకార జాతులు చాలా తక్కువ, యూ వాటిలో ఒకటి. ఆ పెద్ద కత్తిరింపు కొత్త చిగురు రాకముందు, వసంతం మొదట్లో చెయ్యాలి. ఆగస్టు దాటాక కత్తెర పెడితే వచ్చే లేత చిగురు మంచుకు మాడుతుంది. ఇక కొమ్మలు కింద నాలుగైదు అడుగుల వరకే బోడిగా ఉంటే తెగులు కోసం వెతక్కండి, అవి జింకలు. గుర్రాన్ని చంపే ఆకును అక్కడి తెల్లతోక జింకలు శీతాకాలంలో ఇష్టంగా మేస్తాయి. నవంబరుకల్లా ఆ కంచె చుట్టూ వల కట్టించమనండి.